వైరస్ ఉంది సరే... ఏ నంబరు?

పాప్ స్మియర్‌లో తేడా ఉందనగానే గర్భసంచి తీయించే మాట ఎత్తే ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఆ మాటకు ముందు డాక్టరును అడగాల్సింది ఒకటుంది.

ఇద్దరు స్త్రీలకు ఒకే రోజు పాప్ స్మియర్ రిపోర్టులు చేతికొచ్చాయనుకుందాం. ఇద్దరికీ ముప్పై అయిదు దాటాయి. రెండు కాగితాల మీదా ‘ఎల్‌సిల్’ అనే ఉంది. గర్భాశయ ముఖద్వారం దగ్గరి కణాల్లో కొద్దిపాటి తేడా కనిపించిందని దానర్థం. రెండు స్లైడ్లనూ పక్కపక్కన పెట్టి చూసినా పాథాలజిస్టుకు ఒకేలా కనిపించవచ్చు. కానీ ఒకామె నమూనాలో ఉన్నది హెచ్‌పీవీ 16. ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సగానికి పైగా దానివల్లే వస్తున్నాయి. రెండో ఆమె నమూనాలో ఉన్నది హెచ్‌పీవీ 42. అది క్యాన్సర్ తెచ్చే రకం కాదు. కొన్నాళ్లు కణాలను చికాకు పెట్టి, చాలామటుకు దానంతటదే పోతుంది.

ఈ తేడా చెప్పే పరీక్ష ఉంది. నమూనాను ద్రవం ఉన్న సీసాలోకి తీసి ఉంటే, దీనికోసం మళ్లీ బల్ల ఎక్కాల్సిన పని కూడా లేదు. మొదటిసారి తీసిన సీసాలోనే జవాబు ఉంటుంది. మన దగ్గర దాన్ని అడిగేవాళ్లే తక్కువ. అడగనందువల్ల నష్టం రెండు వైపులా జరుగుతోంది. ప్రమాదంలో ఉన్నామె ‘కొద్దిపాటి తేడాయే కదా’ అని ఇంటి పనుల్లో పడి మరిచిపోతుంది. ఏ ప్రమాదమూ లేనామె హడలిపోయి ఆపరేషన్‌కు ఒప్పుకుంటుంది.

రెండో నష్టం గురించి గట్టిగా చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అందులో నిజంగా అవసరమైన ఆపరేషన్లూ ఉంటాయి. ఆగని రక్తస్రావం, పెద్ద పెద్ద గడ్డలు ఉన్నప్పుడు తప్పదు. కానీ తెల్లబట్ట అవుతోందని వెళ్లినామెకు ‘ఇలాగే వదిలేస్తే రేపు క్యాన్సర్ అవుతుందమ్మా, పిల్లలు పుట్టారుగా, తీయించేసుకో’ అన్న సలహా దొరకడం మన పల్లెలకు కొత్త కాదు. ముప్పైల్లోనే గర్భసంచి పోయి, తర్వాత నడుం నొప్పులూ, ఒంట్లో ఆవిర్లూ అంటూ బాధపడే ఆడవాళ్లు మన చుట్టాల్లోనే కనిపిస్తారు. తెల్లబట్ట క్యాన్సర్ కాదు. పాప్ స్మియర్‌లో తేడా కూడా క్యాన్సర్ కాదు. ఆ తేడా వెనక ఉన్న వైరస్ ఏ రకమో తెలిస్తే ఎవరి విషయంలో తొందరపడాలో, ఎవరి విషయంలో ఆగి చూడాలో తేలుతుంది.

ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరు

హ్యూమన్ పాపిలోమా వైరస్ అంటే ఒక్క వైరస్ కాదు. ఇంటిపేరు ఒకటే అయినా గుణాలు కలవని రెండు వందల మందికి పైగా ఉన్న పెద్ద కుటుంబం. చేతి మీద పులిపిర్లు తెచ్చేవి కొన్ని, జననాంగాల దగ్గర పులిపిర్లు తెచ్చే 6, 11 లాంటివి కొన్ని. క్యాన్సర్ తెస్తాయని గట్టిగా రుజువైనవి పన్నెండు: 16, 18, 31, 33, 35, 39, 45, 51, 52, 56, 58, 59. పదమూడోదైన 68 మీద గట్టి అనుమానం ఉంది. ఈ అంకెలు ప్రమాదానికి కొలతలు కావు. ఎల్1 అనే జన్యువులో పాత రకాలతో పది శాతానికి మించి తేడా ఉంటే కొత్త నంబరు ఇస్తారు. కనిపెట్టిన వరుసలో అంకె పెరుగుతూ పోతుందంతే. 42 కంటే 16 చిన్న అంకె, కానీ ప్రమాదంలో వాటికి పోలికే లేదు.

ఒకప్పుడు ఈ క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్ కారణమని చాలామంది శాస్త్రవేత్తలు నమ్మేవారు. జర్మనీలో హెరాల్డ్ త్సుర్ హౌజెన్ ఆ నమ్మకానికి ఎదురు వెళ్లారు. ఆయన బృందం క్యాన్సర్ గడ్డల ముక్కల్లో హెచ్‌పీవీ డీఎన్‌ఏ కోసం ఏళ్ల తరబడి వెతికి 1983లో 16ను, మరుసటి ఏడాది 18ని బయటపెట్టింది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. ప్రపంచమంతా ల్యాబుల్లో పెంచుతున్న హీలా కణాల్లోనూ హెచ్‌పీవీ 18 దొరికింది. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెటా లాక్స్ గడ్డ నుంచి, ఆమె అనుమతి అడగకుండా తీసిన కణాలవి. అప్పటికామె వయసు 31. వైద్యశాస్త్రం ఆమెకు పడ్డ బాకీ ఇంకా తీరలేదనే నా నమ్మకం.

16, 18 మిగతావాటి కంటే ఎందుకంత మొండివి? కణం అదుపు తప్పకుండా కాపలా కాసే ప్రొటీన్లు మన ఒంట్లో రెండు ముఖ్యమైనవి ఉన్నాయి, పీ53, ఆర్‌బీ అని. వైరస్ తయారుచేసే ‘ఈ6’ అనే ప్రొటీన్ మొదటిదాన్ని నాశనం చేయిస్తుంది, ‘ఈ7’ రెండోదాన్ని పనిచేయనివ్వదు. హాని చేయని రకాల్లోనూ ఈ6, ఈ7 ఉంటాయి, కానీ వాటి పట్టు బలహీనం. 16, 18లది ఉడుంపట్టు. పైగా అవి ఒంట్లోంచి త్వరగా పోవు. కాపలా లేని కణం ఏళ్లపాటు చీలుతూ పోయి, తప్పు మీద తప్పు పోగుచేసుకుంటుంది.

అయితే చాలామందిలో కథ అంత దూరం రాదు. సోకిన పదిమందిలో సుమారు తొమ్మిది మందికి రెండేళ్లలోపే ఒంటి రోగనిరోధక శక్తి వైరస్‌ను అణిచేస్తుంది. మిగిలినవారిలోనూ క్యాన్సర్ దాకా రావడానికి సాధారణంగా పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. ఎయిడ్స్ వైరస్ ఉన్న స్త్రీలలో మాత్రం ఈ గడువు తగ్గిపోతుంది. వాళ్లను తరచుగా పరీక్షించాలి.

సీసా నుంచి నీలి గీతల దాకా

నమూనా తీయడం రెండు మూడు నిమిషాల పని. యోనిలో స్పెక్యులమ్ ఉంచి, మెత్తటి బ్రష్‌ను ముఖద్వారం దగ్గర గుండ్రంగా తిప్పుతారు. లోపలి పొర, బయటి పొర కలిసే సన్నటి చోటు ఒకటి అక్కడ ఉంటుంది. క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది ఆ సరిహద్దులోనే. బ్రష్ దాన్ని తాకకపోతే ఎంత ఖరీదైన ల్యాబైనా చేయగలిగేది లేదు. పాత పద్ధతిలో ఆ కణాలను గాజు పలక మీద రుద్దేవారు. ఇప్పుడు చాలా చోట్ల బ్రష్‌ను ద్రవం ఉన్న సీసాలో ఝాడిస్తారు. అందులో కొంత స్లైడుకు పోతుంది, మిగిలింది సీసాలోనే భద్రంగా ఉంటుంది. స్లైడులో తేడా కనిపిస్తే ఆ మిగిలినదాంతోనే వైరస్ పరీక్ష చేయొచ్చు.

స్లైడు మీద వైరస్ సోకిన కణాన్ని గుర్తుపట్టడానికి ఒక చూపు చాలు. కణం మధ్యలో కేంద్రకం ముడతలు పడి, నల్లబడి, మామూలు కంటే పెద్దదై ఉంటుంది. దాని చుట్టూ ఖాళీ చేసినట్టు తెల్లటి వలయం. పాథాలజిస్టులు దాన్ని కాయిలోసైట్ అంటారు. హెచ్‌పీవీ వచ్చిందని అది చెబుతుంది, ఏ హెచ్‌పీవీయో చెప్పదు. దానికి డీఎన్‌ఏ దగ్గరికే పోవాలి.

టైపు తేల్చే పద్ధతుల్లో కంటితో చదవగలిగింది నైలాన్ పట్టీ పద్ధతి. నమూనాలోంచి డీఎన్‌ఏ తీసి, ఎల్1 జన్యువులో చాలా రకాలకు ఉమ్మడిగా ఉండే భాగాన్ని పీసీఆర్ యంత్రంలో కోట్లాది ప్రతులుగా పెంచుతారు. వేలి వెడల్పు కూడా లేని పట్టీ మీద ఒక్కో రకానికి ఒక్కో చోట దానికి సరిపడే డీఎన్‌ఏ తునకను ముందే అతికించి ఉంచుతారు. పెంచిన ప్రతులను ఆ పట్టీ మీద పోస్తే ఏ రకానికి ఆ రకం వెళ్లి తన చోట అంటుకుంటుంది. రంగు తెప్పించే రసాయనం వేయగానే అక్కడ నీలి గీత తేలుతుంది. టెక్నీషియన్ ఆ పట్టీని నమూనా కాగితం పక్కన ఆనించి, ఎన్నో గీత అయితే ఆ నంబరు అని చదువుతారు. పేరున్న ఒక కిట్‌లో ఇలా 37 రకాలు చదవొచ్చు. పట్టీ చివర మనిషి సొంత జన్యువైన బీటా గ్లోబిన్‌కు కూడా గీతలుంటాయి. అవే రాకపోతే సీసాలో సరిపడా కణాలు లేవని అర్థం. అప్పుడు ‘వైరస్ లేదు’ అని రాస్తే ఘోరమైన తప్పు. నమూనా మళ్లీ తీయించాలి.

ఆ పట్టీలో ఒక చిక్కుంది. 52కు సొంత గీత లేదు. 33, 35, 52, 58 నాలుగింటికీ కలిపి ఒక ఉమ్మడి గీత ఉంటుంది. ఉమ్మడి గీత వచ్చి, మిగతా మూడింటి సొంత గీతలు రాకపోతే 52 అని తేలుతుంది. 33, 35, 58లలో ఏ ఒక్కటి ఉన్నా 52 ఉందో లేదో ఆ పట్టీని బట్టి చెప్పలేం, వేరే పరీక్ష కావాలి. ఒకే స్త్రీలో రెండు మూడు రకాలు ఒకేసారి ఉండటం మామూలే, ముఖ్యంగా కొద్దిపాటి తేడా ఉన్న నమూనాల్లో. అందుకే పట్టీ చదివేవారికి ఓపిక, అనుభవం రెండూ కావాలి.

ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేవి రియల్ టైమ్ పీసీఆర్ యంత్రాలు. కొన్ని 16, 18లను విడివిడిగా చెప్పి, క్యాన్సర్ ప్రమాదం ఉన్న మిగతా రకాలను కలిపి ‘ఇతర హై రిస్క్’ అని ఒక్క మాటలో తేల్చేస్తాయి. కొత్తవి 31, 45, 51, 52లను కూడా విడదీసి చూపుతాయి. రిపోర్టులో ‘హెచ్‌పీవీ పాజిటివ్’ అని మాత్రమే ఉంటే మీ ల్యాబు టైపు చూసిందో లేదో అడగండి. కొన్ని పరీక్షలకు టైపు చెప్పే శక్తే ఉండదు.

అవును, కాదు అంటే చాలదు

నమూనాలో తేడా వచ్చినవారికి హెచ్‌పీవీ పరీక్ష ఎంతవరకు ఉపయోగమో తేల్చడానికి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పెద్ద అధ్యయనమే చేయించింది. ‘ఆల్ట్స్’ అని దాన్ని పిలుస్తారు. ‘ఆస్కస్’ రిపోర్టు వచ్చినవారిలో, అంటే తేడా ఉందో లేదో పాథాలజిస్టు గట్టిగా చెప్పలేనివారిలో, దాదాపు సగం మందికి హై రిస్క్ వైరస్సే లేదు. వాళ్లను ధైర్యంగా ఇంటికి పంపేయొచ్చు. ‘ఎల్‌సిల్’ వచ్చినవారిలో మాత్రం 80 శాతానికి పైగా పాజిటివే వచ్చారు. దాదాపు అందరూ పాజిటివ్ అయ్యే చోట ‘వైరస్ ఉందా?’ అని అడిగితే ఒరిగేదేమీ లేదు. అక్కడ ఉపయోగపడేది ‘ఏ వైరస్?’ అన్నదే.

ఎంత ఉపయోగపడుతుందో పోర్ట్‌లాండ్‌లో ఇరవై వేలకు పైగా స్త్రీలను పదేళ్లు గమనించిన అధ్యయనం చూపింది. ఫలితాలు 2005లో వచ్చాయి. మొదట్లో హెచ్‌పీవీ 16 ఉన్నవారిలో పదేళ్లలో తీవ్రమైన క్యాన్సర్ ముందస్తు మార్పులో, క్యాన్సరో వచ్చినవారు 17 శాతం. 18 ఉన్నవారిలో సుమారు 14 శాతం. మిగతా హై రిస్క్ రకాలున్నవారిలో 3 శాతమే. ఏ హై రిస్క్ రకమూ లేనివారిలో 0.8 శాతం. 17కీ 3కీ మధ్య ఉన్న దూరాన్ని ఒక్క ‘పాజిటివ్’ అనే మాట కింద కప్పేస్తున్నామన్నమాట. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

నమూనాలో తేడా తీవ్రత పెరిగేకొద్దీ 16 వాటా కూడా పెరుగుతుంది. లక్షకు పైగా హెచ్‌పీవీ పాజిటివ్ స్త్రీల వివరాలు కలిపి 2012లో చేసిన విశ్లేషణలో, స్మియర్ మామూలుగా ఉన్న పాజిటివ్‌లలో 16 ఉన్నవారు అయిదోవంతు. ‘హెచ్‌సిల్’, అంటే తీవ్రమైన తేడా ఉన్న నమూనాల్లో దాదాపు సగం. క్యాన్సర్ దాకా వచ్చినవారిలో 60 శాతానికి పైగా. మిగతా రకాలు దారిలోనే రాలిపోతుంటే 16 చివరిదాకా నిలుస్తోందన్నమాట.

18ది ఇంకో రకం ప్రమాదం. అది ముఖద్వారం లోపలి నాళంలోని గ్రంథి కణాల్లో క్యాన్సర్ తేగలదు. అక్కడికి బ్రష్ సరిగా అందదు, పైకి కంటికీ కనిపించదు. స్మియర్ మామూలుగానే వచ్చి, లోపల మార్పు నడుస్తూ ఉండొచ్చు. అందుకే 16 గానీ 18 గానీ ఉంటే స్మియర్ బాగున్నా సరే కాల్పోస్కోపీకి పంపాలని చాలా దేశాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. భూతద్దం లాంటి ఆ పరికరంతో ముఖద్వారాన్ని చూసి, అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఇతర రకాలుండి స్మియర్ మామూలుగా ఉంటే ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తే సరిపోతుంది.

‘హెచ్‌సిల్’ వచ్చినామె టైపు కోసం ఎదురుచూడకూడదు, ఏ నంబరైనా నేరుగా కాల్పోస్కోపీకే వెళ్లాలి. అలాగే కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా ఏ నెగటివ్ రిపోర్టునూ నమ్ముకుని కూర్చోకూడదు. డాక్టరు కంటితో చూడాల్సిందే.

తీవ్రమైన ముందస్తు మార్పును వదిలేస్తే ఏమవుతుందో న్యూజిలాండ్‌లో తేలింది. ఆక్లండ్‌లోని ఒక ఆసుపత్రిలో 1960, 70లలో కొందరు స్త్రీలకు వాళ్లకు తెలియకుండానే చికిత్స చేయకుండా గమనిస్తూ వచ్చారు. దానిమీద ప్రభుత్వం న్యాయ విచారణ జరిపించింది. తర్వాత లెక్క తీస్తే సరైన చికిత్స అందనివారిలో ముప్పై ఏళ్లలో సుమారు 30 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. చికిత్స అందినవారిలో ఒక శాతం లోపే. ఆ చికిత్సకు గర్భసంచి తీయనక్కర్లేదు. కరెంటు తీగ ఉచ్చుతో ముఖద్వారం మీది చెడిన పొరను చెక్కి తీస్తారు, లేదా వేడితో కాల్చేస్తారు. చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్లిపోతారు, తర్వాత పిల్లల్నీ కంటారు.

‘ఎవరి నుంచి వచ్చింది?’

హెచ్‌పీవీ కలయిక ద్వారా వస్తుందని తెలియగానే మన ఇళ్లలో మొదట లేచే ప్రశ్న ఇది. ఆమె భర్తను అనుమానిస్తుంది, భర్త ఆమెను. అత్తగారికి తెలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. రిపోర్టును బీరువా అడుగున దాచేసి, డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లనివారూ ఉంటారు. ఏ నంబరైనా సరే ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. దాంపత్య జీవితం ఉన్న ఆడామగల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. పెళ్లైన కొత్తలో సోకింది ఇరవై ఏళ్లు ఒంట్లో నిద్రపోయి ఇప్పుడు బయటపడొచ్చు. ఎప్పుడు వచ్చిందో, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తేల్చే పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడే ఈ మాట చెప్పాలి, వీలైతే భర్తను కూడా పక్కన కూర్చోబెట్టి. ‘ఇది జలుబంత మామూలు వైరస్ అమ్మా, దీంట్లో ఎవరి తప్పూ లేదు, కానీ మళ్లీ రావడం మాత్రం మరిచిపోవద్దు’ అని డాక్టరో, నర్సో అయిదు నిమిషాలు మాట్లాడితే ఎన్ని కాపురాలు నిలబడతాయో!

వైరస్‌ను చంపే మాత్ర కూడా లేదు. ‘హెచ్‌పీవీకి కోర్సు’ అంటూ వేలకు వేలు గుంజే మందుల జోలికి పోకండి. చికిత్స చేసేది వైరస్ తెచ్చిన మార్పుకే.

మన నేల మీద

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80,000 మంది చనిపోతున్నారు. ముప్పై నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు 2019-21 సర్వేలో 2 శాతం కూడా లేరు.

మన దగ్గర ఏ రకాలున్నాయి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వైరస్ దొరికిన క్యాన్సర్ నమూనాల్లో మూడింట రెండు వంతులు 16వే. దాదాపు అయిదోవంతు 18వి. మామూలు స్త్రీలలో హై రిస్క్ వైరస్ ఉన్నవారు పదిమందిలో ఒకరు. అంటే 16, 18లను విడిగా చెప్పే పరీక్ష మన స్త్రీలకు మరింత పనికొస్తుంది.

మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1,31,746 మంది స్త్రీలతో చేసిన అధ్యయనం ప్రపంచం ఈ పరీక్షలను చూసే తీరునే మార్చింది. 2009లో వచ్చిన ఫలితాల్లో, జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవారికి చికిత్స చేస్తే ఎనిమిదేళ్లలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పొలం పనులు చేసుకునే ఆడవాళ్లు ఇచ్చిన రుజువు అది. ఆ పరీక్ష వైరస్ ఉందా లేదా అనే చెప్పింది, టైపు చెప్పలేదు.

అదే ఏడాది మన ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడి, 2010లో దాన్ని ఆపేశారు. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రులను అడగకపోవడాన్ని పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. అప్పుడు పోయిన నమ్మకం మళ్లీ రావాలంటే ప్రతి పరీక్షకు ముందూ ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో ఆ ఇంటివాళ్లకు వాళ్ల మాటల్లో చెప్పాలి.

యంత్రాల కొరత మునుపటంత లేదు. క్షయ పరీక్షకూ, కోవిడ్ పరీక్షకూ వాడిన ట్రూనాట్ యంత్రాలు జిల్లాల్లోకి చేరాయి. గోవాలో తయారయ్యే ఆ చిన్న యంత్రం బ్యాటరీతో కూడా నడుస్తుంది. దాంట్లోనే హెచ్‌పీవీ చిప్ కూడా పెట్టొచ్చు. 16, 18, 31, 33, 35, 45, 52, 58 ఎనిమిదింటినీ చూసే దేశీయ కిట్లను ఎయిమ్స్ తదితర సంస్థల్లో పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. ప్రపంచంలోని ముఖద్వార క్యాన్సర్లలో పదింట తొమ్మిదికి ఈ ఎనిమిదే మూలం. స్పెక్యులమ్ అంటే సిగ్గుపడేవారు చాటుకు వెళ్లి తామే బ్రష్‌తో నమూనా తీసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో 2022 నుంచి అందరికీ ఆ అవకాశం ఇచ్చారు. మన ఆశా కార్యకర్త చేతిలో ఆ బ్రష్ ఉంటే చాలు.

ఆశా కార్యకర్తకు ఇంకో పని కూడా అప్పగించాలి. 16 వచ్చినామె పేరు ఒక రిజిస్టరులో ఉండాలి, ఆమె రాకపోతే ఇంటికెళ్లి అడగాలి. రమ్మని పిలిచాక చూపించడానికి కాల్పోస్కోపీ చేసే డాక్టరు జిల్లా కేంద్రంలోనైనా ఉండాలి. డాక్టరు దొరకని ఏజెన్సీ ప్రాంతాల్లో వేడితో కాల్చే చిన్న పరికరాన్ని శిక్షణ పొందిన నర్సు కూడా వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదీ బ్యాటరీతోనే నడుస్తుంది. ఒక్కో చోట ఇరవై, ముప్పై సెకన్లు పెడతారు. ఏడాది తర్వాత ఆమె మళ్లీ హెచ్‌పీవీ పరీక్షకు రావాలి. ఆ తేదీని కూడా ఆ రోజే రిజిస్టరులో రాసి పెట్టుకోవాలి.